మీ ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది?

మన దగ్గర ఇల్లు కొంటే రిజిస్ట్రేషన్ రోజు ఒక చిన్న పండగ. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో పడిగాపులు, డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఆఖరి నిమిషంలో తండ్రి పేరులో అక్షరం దిద్దించుకోవడం, ఇద్దరు సాక్షులు, వేలిముద్రలు, ఫొటోలు, అంతా అయ్యాక పక్క హోటల్లో అందరికీ టిఫిన్లు. అమ్మేవాళ్లు ఎదురుగానే ఉంటారు. లాయరుకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూపించి ఒపీనియన్ తీసుకున్నా, మన ధైర్యమంతా మధ్యలో ఉన్న తెలిసిన మనిషి మీదే.

ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ ఆ సందడి ఉండదు. ల్యాండ్ రిజిస్ట్రీ గడప తొక్కే పని లేదు. అమ్మినవాళ్లతో పట్టుమని పది మాటలు మాట్లాడకుండానే, సొలిసిటర్ మొహమైనా చూడకుండానే తాళాలు అందుకున్న తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాలుగైదు లక్షల పౌండ్ల వ్యవహారం ఈమెయిళ్ల మీద, పీడీఎఫ్‌ల మీద, బ్యాంకు బదిలీల మీద నడిచిపోతుంది. దాన్ని నడిపేది ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చున్న ఒకే ఒక మనిషి. ఇల్లు చూడటానికి ఆరు నెలల శనివారాలు ఖర్చుపెట్టే మనం, ఆ మనిషిని ఎంచుకోవడానికి అరగంట కూడా పెట్టం. ఏజెంట్ ఇచ్చిన పేరో, వాట్సాప్ గ్రూపులో ఎవరో పడేసిన నంబరో పట్టుకుని సంతకం పెట్టేస్తాం. ఈ అధ్యాయం ఆ అరగంట గురించి.

ఆ మనిషి చేసే పని

ఇక్కడ పాతకాలం నుంచీ ఉన్న సూత్రం ఒకటే: కొనేవాడే చూసుకోవాలి. అడిగినదానికి అమ్మేవాడు అబద్ధం చెప్పకూడదు. అంతేగానీ ఇంటి గుట్టంతా తనంతట తానే విప్పి మీ ముందు పెట్టాల్సిన బాధ్యత అతని మీద పెద్దగా లేదు. కాబట్టి మీ తరఫున అడిగేవాళ్లు కావాలి. అమ్మేవాళ్లు నింపి ఇచ్చే టీఏ6 ఫారం, కౌన్సిల్ నుంచి తెప్పించే లోకల్ సెర్చ్, నీళ్లు-డ్రైనేజీ సెర్చ్, పర్యావరణ సెర్చ్, పాత గనుల ప్రాంతమైతే బొగ్గు గనుల సెర్చ్, ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్, దాని ప్లాన్. వీటన్నిటినీ చదివి, తేడా ఎక్కడుందో పట్టుకుని, అవతలి సొలిసిటర్‌కు ప్రశ్నలు రాయడమే కన్వేయన్సింగ్‌లో, అంటే ఆస్తిని చట్టప్రకారం చేతులు మార్చే పనిలో, అసలు పని. ఆ ప్రశ్నలను ఎంక్వయిరీలు అంటారు.

మంచి కన్వేయన్సర్‌కీ మామూలు కన్వేయన్సర్‌కీ తేడా తెలిసేది ఈ ఎంక్వయిరీల దగ్గరే. ఒక సంగతి చూడండి. టైటిల్ ప్లాన్ మీద ఎర్ర గీత మీ ఆస్తి సరిహద్దును సుమారుగా చూపుతుంది. ఆ గీత ఇంటి ముందు డ్రైవ్‌వే చివరిదాకా రాకుండా రోడ్డుకు నాలుగడుగుల ఇవతలే ఆగిపోయిందనుకోండి. ఆ నాలుగడుగుల ముక్క ఎవరిది? దాని మీదుగా కారు తీసుకెళ్లే హక్కు రిజిస్టర్‌లో రాసి ఉందా? అని అవతలివాళ్లను నిలదీసే మనిషి ఒక రకం. ప్లాన్‌ను ఈమెయిల్‌కు జతచేసి ‘సరిహద్దులు సరిచూసుకోగలరు’ అని ఒక వాక్యం రాసి ఊరుకునే మనిషి ఇంకో రకం. ఫీజు ఇద్దరిదీ ఒకటే కావచ్చు. పైగా మీ సొలిసిటర్ ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్లరు. ఆమె చూసింది ప్లాన్, మీరు చూసింది ఇల్లు. ఆ ప్లాన్ ప్రింటు తీసుకెళ్లి ఇంటి ముందు నిలబడి పోల్చి చూడాల్సింది మీరే. గోడ పగుళ్లు, పైకప్పు, తేమ సంగతి కూడా సొలిసిటర్‌ది కాదు. దానికి సర్వేయర్‌ను వేరే పెట్టుకోవాలి. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ బ్యాంకు కోసమే, మీ కోసం కాదు.

ఇంకో విషయం మనవాళ్లకు ఎంత చెప్పినా ఒంటపట్టదు. ఆఫర్ ఒప్పుకున్నారంటే ఇల్లు మీదైనట్టు కాదు. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నట్టు ఇక్కడ తొలిరోజే ఏదీ కట్టుబడి ఉండదు. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు, అమ్మేవాడు ఎక్కువిచ్చేవాడి వైపు తిరగవచ్చు. ఎక్స్ఛేంజ్ నాడు సాధారణంగా ధరలో పది శాతం డిపాజిట్ కడతారు. ఆ తర్వాత మీరు కాదంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆఫర్‌కూ ఎక్స్ఛేంజ్‌కూ మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో సొలిసిటర్ ఫోన్ ఎత్తకపోతే పోయేది మీ ఇల్లే.

ఏజెంట్ చెప్పిన పేరు

ఆఫర్ ఒప్పుకున్న రోజే ఏజెంట్ అడిగే మొదటి ప్రశ్న: ‘మీ సొలిసిటర్ ఎవరు?’ జవాబు లేకపోతే వెంటనే, ‘మాకు తెలిసిన మంచి సంస్థ ఉంది, ఇప్పుడే కలుపుతాను’ అంటారు. ఆ సంస్థ నిజంగానే మంచిది కావచ్చు. అయితే అలా పంపినందుకు ఏజెంట్‌కు రెఫరల్ ఫీజు ముట్టడం ఇక్కడ మామూలు. అలా ముడుతున్న సంగతి మీకు చెప్పాలి కూడా. ఏజెంట్‌కు కమీషన్ ఇచ్చేది అమ్మేవాడు. ఏజెంట్‌కు కావాల్సింది వ్యవహారం త్వరగా తెమలడం. మీకు కావాల్సింది వ్యవహారం సరిగ్గా తెమలడం. రెండూ చాలాసార్లు ఒకటే అవుతాయి. ఇబ్బందంతా అవి ఒకటి కాని రోజున వస్తుంది.

‘మా సొలిసిటర్‌ను పెట్టుకుంటేనే మీ ఆఫర్ ముందుకు వెళ్తుంది’ అని ఎవరైనా అంటే మాత్రం ఖంగు తినకండి. తమ సేవలు తీసుకోని కొనుగోలుదారుపై వివక్ష చూపే హక్కు ఎస్టేట్ ఏజెంట్‌కు లేదు. మీ ఆఫర్‌ను అమ్మేవాళ్లకు చెప్పి తీరాలి. మర్యాదగా ఆ మాటే ఈమెయిల్‌లో రాయమని అడగండి. సాధారణంగా రాయరు, ఒత్తిడీ ఆగిపోతుంది.

కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ల దగ్గర ఈ ఒత్తిడి ఇంకా తియ్యగా ఉంటుంది. వాళ్లు చెప్పిన సొలిసిటర్‌ను పెట్టుకుంటే ఫీజు వాళ్లే భరిస్తామంటారు, కార్పెట్లు వేయిస్తామంటారు. రిజర్వేషన్ అయ్యాక 28 రోజుల్లో ఎక్స్ఛేంజ్ చేయాలని గడువూ పెడతారు. మనవాళ్లు కొత్త ఇళ్ల మీద ఇష్టంతో, తూర్పు గుమ్మం దొరికిందన్న సంతోషంతో సరే అంటారు. ఫ్రీహోల్డ్ ఇల్లే అయినా కాలనీ రోడ్లకూ పార్కుకూ ఏటా మేనేజ్‌మెంట్ చార్జీ కట్టాలన్న షరతు ఆ కాగితాల్లో చాలాసార్లు ఉంటుంది. అది ఏటా ఎంత పెరగవచ్చు, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు, ఇల్లు ఆలస్యమైతే ఎన్నాళ్ల తర్వాత కాంట్రాక్టు నుంచి బయటపడవచ్చు అని అడిగేవాళ్లు మీ పక్షాన ఉండాలి. ఏటా అదే బిల్డర్ దగ్గర నుంచి వందల ఫైళ్లు అందుకునే సంస్థ గట్టిగా అడుగుతుందా? నా మటుకు నేను కార్పెట్లు వదులుకోమంటాను.

మనవాడు, చవకవాడు

ఈ పని చేయడానికి లైసెన్సు ఉండాలి. సొలిసిటర్ల మీద సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ అజమాయిషీ ఉంటుంది. 1985 చట్టంతో వచ్చిన లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ల మీద కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ అజమాయిషీ ఉంటుంది. ఇంటి కొనుగోలు వరకు రెండో రకం ఏమాత్రం తక్కువ కాదు, వాళ్లు ఇదే పని రోజంతా చేస్తారు. విడాకులో వారసత్వ తగాదానో కలిసి ఉంటే సొలిసిటర్ నయం. రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ పేరు కొట్టి రిజిస్టర్ చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉందేమో కూడా చూడండి. చాలా బ్యాంకులు దాన్ని పట్టించుకుంటాయి.

మన సమాజంలో ఒక అలవాటుంది. వీసా పొడిగింపు చూసిన లాయరు మంచివాడు, తెలుగువాడు, ఆదివారం ఫోన్ చేసినా విసుక్కోడు. ఇల్లు కూడా ఆయనకే అప్పగిస్తాం. ఇమ్మిగ్రేషన్ వేరు, కన్వేయన్సింగ్ వేరు. పళ్లు చూసే డాక్టరు మంచివాడని మోకాలు ఆపరేషన్ ఆయన చేత చేయించుకోం కదా. తెలుగు మాట్లాడే కన్వేయన్సర్ దొరికితే అదృష్టమే, ముఖ్యంగా ఊరి నుంచి డబ్బు వస్తున్నప్పుడు. కానీ అడగాల్సిన ప్రశ్నలు ఆయన్నీ అడగాల్సిందే. మొహమాటానికి పోయి అడగకపోతే ఆ తర్వాత స్నేహం, ఇల్లు రెండూ చెడతాయి.

ఇక ధర. 2018 డిసెంబరు నుంచి సొలిసిటర్ సంస్థలు ఇళ్ల కన్వేయన్సింగ్ ధరలను వెబ్‌సైట్‌లో పెట్టాలి. అయినా కొటేషన్లను పోల్చడం కష్టం. ఒకరు 650 పౌండ్లు అంటారు, ఇంకొకరు 1,300 అంటారు. మొదటివారి కొటేషన్‌లో చిన్న అక్షరాలు చదవండి: లీజ్‌హోల్డ్ అయితే అదనం, మార్ట్‌గేజ్ ఉంటే అదనం, తల్లిదండ్రుల కానుక ఉంటే అదనం, విదేశీ నిధులు పరిశీలించడానికి అదనం, స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేయడానికి అదనం, లైఫ్‌టైమ్ ఐసా పొదుపు ఖాతా ఉంటే అదనం, డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు రుసుము, అన్నిటి మీదా 20 శాతం వ్యాట్. తెలుగు కుటుంబానికి ఈ అదనాల్లో సగానికి పైగా వర్తిస్తాయి. అన్నీ కలిపాక రెండు కొటేషన్లూ దాదాపు ఒకచోటికే రావచ్చు. సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము ఎవరి దగ్గరికి వెళ్లినా కట్టాల్సినవే కాబట్టి వాటిని పక్కన పెట్టి పోల్చండి. మీ పరిస్థితి మొత్తం ఒకే ఈమెయిల్‌లో రాసి, ‘దీనికి వ్యాట్‌తో సహా మొత్తం ఎంత, వ్యవహారం మధ్యలో ఆగిపోతే ఎంత?’ అని అడిగితే అసలు లెక్క బయటపడుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నది ఇక్కడ పూర్తిగా నిజం కాదు, ఎక్కువ తీసుకుని నిద్రపోయేవాళ్లూ ఉన్నారు. కానీ మరీ చవక కొటేషన్ వెనక ఒకే మనిషి నెత్తిన మోయలేనన్ని ఫైళ్లు ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి.

మంగళవారం ఉదయం ఫోన్

నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది. ముగ్గురి పేర్లు రాసుకుని, ఏ మంగళవారమో బుధవారమో ఉదయం పదకొండింటికి ఫోన్ చేయండి. శుక్రవారం వద్దు, కంప్లీషన్లు (మిగతా డబ్బు కట్టి తాళాలు అందుకోవడం) ఎక్కువగా ఆ రోజే పెట్టుకుంటారు కాబట్టి ఎంత మంచి ఆఫీసైనా ఆ రోజు ఊపిరాడకుండా ఉంటుంది. ఫోన్ ఎవరు ఎత్తారు, ఎంతసేపట్లో ఎత్తారు, కొటేషన్ ఇచ్చే అమ్మాయి దాటి అసలు పని చేసే మనిషి దాకా వెళ్లగలిగారా, ఇవే మీకు రాబోయే మూణ్ణాలుగు నెలల నమూనా.

అడగాల్సిన మొదటి ప్రశ్న: నా ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది? సంస్థ పేరు కాదు, మనిషి పేరు కావాలి. ఆ మనిషికి సొంతంగా అర్హత ఉందా, లేక ఇంకొకరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారా? సెలవు మీద వెళ్తే ఎవరు చూస్తారు? సొంత ఫోన్ నంబరు ఇస్తారా, లేక అన్నిటికీ ఆన్‌లైన్ పోర్టలేనా? ప్రస్తుతం ఎన్ని ఫైళ్లు చూస్తున్నారని కూడా అడగండి. కొంతమంది నవ్వి ఊరుకుంటారు. నిజాయితీగా చెప్పినవాళ్ల మీద నాకు గురి కుదురుతుంది.

తర్వాత మీరు అప్పు తీసుకోబోయే బ్యాంకు పేరు చెప్పి, దాని ప్యానెల్‌లో ఉన్నారా అని అడగండి. ఇది చిన్న ప్రశ్న కాదు. మామూలుగా మీ సొలిసిటరే బ్యాంకు తరఫున కూడా పని చేస్తారు. ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు వేరే సంస్థను పెడుతుంది, ఆ ఖర్చు మీ మీద పడుతుంది, ఆలస్యమూ అదనం. అన్నీ కుదిరాక ఈ ఒక్కదాని వల్ల సొలిసిటర్‌ను మార్చుకోవాల్సి వస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

ఫ్లాటు కొంటుంటే ఇంకో ప్రశ్న. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ దగ్ధమయ్యాక, 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చాక కనీసం 11 మీటర్లు లేదా ఐదంతస్తులు ఉన్న భవనాల కాగితాలు బాగా చిక్కుపడ్డాయి. ఆ ఫైళ్లు తీసుకోలేమని చెప్పే సంస్థలు చాలానే ఉన్నాయి. మొదటి ఫోన్‌లోనే భవనం ఎత్తు చెప్పండి. లీజులో ఎన్నేళ్లు మిగిలాయి, గ్రౌండ్ రెంట్ ఎలా పెరుగుతుంది, సర్వీస్ చార్జీ ఎంత, పెద్ద మరమ్మతులు ఏవైనా రాబోతున్నాయా అన్నవి ఆ సొలిసిటర్ మీకు విడమరిచి, మీకు అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వాలి. అలా రాసే రిపోర్టు నమూనా ఒకటి చూపించమంటే మంచివాళ్లు వివరాలు చెరిపేసి చూపిస్తారు.

రివ్యూలు చదవండి కానీ ఐదు చుక్కలవి వదిలేయండి. ‘కొటేషన్ పది నిమిషాల్లో ఇచ్చారు, చాలా మంచివాళ్లు’ అన్నది మీకు పనికిరాదు. ఒకటి, రెండు చుక్కలవి చదివి, ఫిర్యాదు ఒకేలా మళ్లీ మళ్లీ వస్తోందా చూడండి. మూడు నెలల్లో ముగ్గురు మనుషులు మారారని నలుగురు రాశారంటే ఆ ఆఫీసులో ఉద్యోగులు నిలవడం లేదని అర్థం.

హైదరాబాద్ ఫ్లాటు సంగతి

ఇక్కడ కాస్త ఆగి నిదానంగా చదవండి. తెలుగువాళ్లకు ఖరీదైన పొరపాట్లన్నీ జరిగేది ఈ చోటే.

ఇంగ్లండ్‌లో 4 లక్షల పౌండ్ల ఇల్లు కొంటున్నారనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ప్రకారం, మొదటిసారి కొనేవాళ్లకు 3 లక్షల దాకా స్టాంప్ డ్యూటీ లేదు, పైన లక్షకు 5 శాతం, అంటే 5,000 పౌండ్లు. మొదటిసారి కానివాళ్లకు 10,000. రెండో ఇల్లు అయితే మొత్తం ధర మీద ఇంకో 5 శాతం కలిసి 30,000. ‘మాకు యూకేలో ఇదే మొదటి ఇల్లు’ అని మనవాళ్లు గడగడా చెప్పేస్తారు. చట్టం అడిగేది యూకేలో అని కాదు, ప్రపంచంలో ఎక్కడైనా అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కూకట్‌పల్లిలో లోను మీద కొన్న ఫ్లాటు, నాన్న మీ పేరు మీద కొనిపెట్టిన ఇల్లు, ఆయన పోయాక మీకు వాటా వచ్చిన ఊళ్లో పెంకుటిల్లు, ఏదైనా సరే, ఉంటే మీరు మొదటిసారి కొనేవాళ్లు కారు. మీ వాటా విలువ 40,000 పౌండ్లు, ఆపైన ఉంటే అదనపు 5 శాతం కూడా మెడకు చుట్టుకోవచ్చు. ‘ఫ్లాటు నా పేరున ఉంది, ఇల్లు నా భార్య పేరున కొంటాం’ అన్న చిట్కా పనిచేయదు. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనపు పన్ను విషయంలో ఒకే యూనిట్‌గా చూస్తారు. ఖాళీ ప్లాటు, వ్యవసాయ భూమి ఇల్లు కిందకు రావు. ఇటీవలే వచ్చి, గడచిన ఏడాదిలో 183 రోజులు ఇక్కడ లేనివాళ్లకు ఇంకో 2 శాతం ఉంది. వారసత్వపు వాటాలకు, పాత నివాసం అమ్మి కొత్తది కొనేవాళ్లకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి.

కంప్లీషన్ అయిన 14 రోజుల్లో పన్ను రిటర్న్ వేయాలి. వేసేది సొలిసిటర్, బాధ్యత మాత్రం మీది. తప్పు ప్రకటనకు వడ్డీ, జరిమానా మీ ఇంటికే వస్తాయి. కాబట్టి మొదటి ఫోన్‌లోనే చెప్పండి: ‘నాకు ఇండియాలో ఇల్లుంది. దీని మీద మీరు సలహా ఇస్తారా, లేక మీ షరతుల్లో పన్ను సలహా మా పని కాదని ఉందా?’ చాలా సంస్థల షరతుల్లో అలాగే ఉంటుంది. అది నేరం కాదు. కానీ ఆ సంగతి తెలిస్తే పన్ను తెలిసిన మనిషిని వేరే చూసుకోవచ్చు. ఇండియా ఇంటి సంగతి విని ‘ఏం ఫర్వాలేదు, అది లెక్కలోకి రాదు’ అని తేలిగ్గా కొట్టిపారేసిన కన్వేయన్సర్‌ను అక్కడికక్కడే జాబితాలోంచి తీసేయండి.

రెండోది డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న. మనీలాండరింగ్ నిబంధనల ప్రకారం డిపాజిట్‌లోని ప్రతి పౌండూ ఎక్కడినుంచి వచ్చిందో సొలిసిటర్ చూడాలి. మీ మీద అనుమానంతో కాదు, చూడకపోతే వాళ్ల లైసెన్సుకే ముప్పు. నాన్న గుంటూరు దగ్గర పొలం అమ్మి పంపుతున్నారంటే అమ్మకం దస్తావేజు, ఆ డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఆయన గుర్తింపు పత్రాలు, తిరిగి ఇవ్వనక్కరలేదని చెప్పే కానుక పత్రం అడుగుతారు. దస్తావేజు తెలుగులో ఉంటే అనువాదమూ అడుగుతారు. ఇక్కడే మన ఊళ్ల అలవాటు అడ్డొస్తుంది. దస్తావేజులో రాసింది నలభై లక్షలు, చేతికొచ్చింది తొంభై. ఆ మిగతా యాభై లక్షలకు కాగితం లేదు, అది మీ అత్తమామల ఖాతాల్లోంచి ముక్కలుగా వచ్చినా లేనట్టే. అలాంటి డబ్బుతో ఇక్కడ ఇల్లు కొనే ఆలోచన పెట్టుకోకండి. అనుమానం వస్తే సొలిసిటర్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి తెలపాలి. తెలిపినట్టు మీకు చెప్పడానికి కూడా చట్టం ఒప్పుకోదు.

చిట్టీ పాట డబ్బు, స్నేహితుల చేబదుళ్లు కూడా ఇంతే. చేబదులును కానుక అని రాయించడం బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. అప్పు అయితే అప్పు అనే చెప్పండి, బ్యాంకు ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది. ఇండియాలో ఉన్న తండ్రి ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. మీ సొంత ఎన్ఆర్ఓ ఖాతాలోంచి తెచ్చుకునేదానికి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్లు కావాలి, దానికి వారాలు పడుతుంది. కాగితాలన్నీ ఇల్లు చూడటం మొదలుపెట్టినప్పుడే సిద్ధం చేసుకోండి. ఇండియా నిధుల ఫైళ్లు ఇంతకుముందు చూశారా అని అడిగితే, చూసిన కన్వేయన్సర్ వెంటనే ఏయే కాగితాలు కావాలో చెబుతారు. చూడనివాళ్లు కనుక్కుని చెబుతామంటారు.

భార్యాభర్తల్లో ఒకరు, లేదా ఒకరి తల్లిదండ్రులు ఎక్కువ డబ్బు పెడుతుంటే ఇల్లు జాయింట్ టెనెంట్లుగా తీసుకోవాలా, వాటాలు రాసుకుని టెనెంట్స్ ఇన్ కామన్‌గా తీసుకోవాలా అన్నది కూడా సొలిసిటర్ మీ ఇద్దరికీ విడమరిచి చెప్పాలి. మొదటిదాంట్లో ఒకరు పోతే ఇల్లంతా రెండోవారికే వెళ్తుంది, వీలునామా ఏం చెప్పినా సరే.

అమ్మేటప్పుడు

అమ్మేవాళ్లు ఇంకా తొందరగా సొలిసిటర్‌ను పెట్టుకోవాలి, ఇల్లు మార్కెట్లో పెట్టిన రోజే. వెనక గది కట్టించినా, అటక మీద బెడ్‌రూమ్ వేయించినా, వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీయించినా కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ అడుగుతారు. అది ఎక్కడుందో అప్పుడు వెతకడం మొదలుపెడితే కొనేవాడు వేరే ఇల్లు చూసుకుంటాడు. లీజ్‌హోల్డ్ అయితే మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి తెప్పించే సమాచార ప్యాక్‌కే వారాలు పడుతుంది. టీఏ6లో పక్కింటివాళ్లతో గొడవలున్నాయా అన్న ప్రశ్నకు ‘లేవు’ అని రాసే ముందు ఆ కంచె గురించి పంపిన ఈమెయిల్ గుర్తు తెచ్చుకోండి. అబద్ధమని తేలితే ఇల్లు అమ్మాక కూడా దావా వేస్తారు. ఒకటి అమ్మి ఇంకొకటి కొంటుంటే రెండిటికీ ఒకే సంస్థ నయం.

స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకు ఈ అధ్యాయంలో సగం వర్తించదు. అక్కడ ఆఫర్ పెట్టేదే సొలిసిటర్, కాబట్టి ఇంకా ముందే మనిషి దొరకాలి.

డబ్బు పంపే రోజు

సొలిసిటర్ బ్యాంకు ఖాతా నంబరు మారిందని ఈమెయిల్ వస్తే నమ్మకండి. మోసగాళ్లు మెయిల్ పెట్టెల్లోకి దూరి, సరిగ్గా డిపాజిట్ పంపే వారంలోనే అచ్చం మీ సొలిసిటర్ రాసినట్టే రాస్తారు. మొదటి రోజు మీరు స్వయంగా రాసుకున్న నంబరుకు ఫోన్ చేసి, ఖాతా వివరాలు చదివించుకుని, ఒక పౌండు పంపి, అందిందని ఆమె నోటితో విన్నాకే మిగతాది పంపండి.

పని బాగా లేకపోతే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, ఖర్చు ఉండదు. సగంలో సొలిసిటర్‌ను మార్చుకోవచ్చు కూడా. కానీ అప్పటిదాకా చేసినదానికి ఫీజు కట్టాలి, కొత్త మనిషి మళ్లీ మొదటి నుంచి చదవాలి.

తాళాలు వచ్చాక కూడా ఫైలు మూతపడదు. మీ పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో ఎక్కడానికి నెలలు పట్టవచ్చు, దరఖాస్తు పెట్టాల్సింది సొలిసిటరే. ‘రిజిస్ట్రేషన్ పూర్తయింది’ అన్న ఈమెయిల్ వచ్చేదాకా నెలకోసారి గుర్తు చేయండి. వచ్చాక టైటిల్ రిజిస్టర్ కాపీ తెరిచి చదవండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది 7 పౌండ్లు. ఇంటిపేరు ముందుకు, అసలు పేరు వెనక్కి పోయి, మధ్యలో తండ్రి పేరు చేరి, పాస్‌పోర్టుకు సరిపోని పేర్లు మనవాళ్ల రిజిస్టర్లలో పడే అవకాశం ఎక్కువ. తప్పుంటే అదే రోజు సొలిసిటర్‌కు రాయండి. ఆ తర్వాత ల్యాండ్ రిజిస్ట్రీవారి ప్రాపర్టీ అలర్ట్‌లో పేరు నమోదు చేసుకోండి, మీ టైటిల్ మీద ఎవరైనా దరఖాస్తు పెడితే మీకు ఈమెయిల్ వస్తుంది. అది ఉచితం.